కామా దగ్గర ఆగిన నిబంధన

కాలేజీ క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
జులై 11

వదినా,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే మీరు నన్ను రెండో వాక్యం దాటనివ్వరు. "అసలు నువ్వెందుకు ముట్టుకున్నావు?" అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది, చివరికి ఇద్దరం కలిసి మీ తమ్ముడి మీద పడతాం. అందుకని రాస్తున్నాను. కాగితం కాబట్టి చివరిదాకా వినక తప్పదు మీకు.

కాలేజీ వాళ్ళు నాకు నోటీసు ఇచ్చారు. నాకు నలభై నాలుగేళ్ళు. మీ మేనకోడలి స్కూలుకి ఎన్నిసార్లు వెళ్ళి దాని తరఫున తలొంచుకుని నిలబడ్డానో మీకు తెలుసు. ఇప్పుడు నా మీద క్రమశిక్షణ చర్యట. నోటీసు చివర "తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సంతకం" అని ఒక గీత కూడా ఉంది. ఆ గీత మీద ఎవరి చేత పెట్టించమంటారని అడిగితే, ఖాళీగా వదిలితే ఫారం చెల్లదమ్మా అన్నాడు గుమాస్తా. మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. చివరికి మీ తమ్ముడు పెట్టాడు, సంరక్షకుడి హోదాలో. పెట్టాక ఆయన నవ్విన నవ్వు మీరు చూడాల్సింది.

జరిగింది ఇది. సోమవారం మాకు వైరింగ్ ప్రాక్టికల్ పరీక్ష. వర్క్‌షాపులో ఒక్కొక్కరికీ ఒక ఇనప బల్ల, దాని మీద చెక్క బోర్డు. మేడమెట్ల దగ్గర కింద వేసి పైన ఆర్పే దీపం ఉంటుంది కదా, అలాంటిది వైరింగ్ చేసి వెలిగించి చూపించాలి. నా పక్క బల్ల మా డ్రైవరుగారిది. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపి, నడుం పట్టేశాక ఈ కోర్సులో చేరిన మనిషి. మా ఇద్దరి బల్లల్నీ క్లాసులో పిల్లలు "పెద్దల సభ" అంటారు. ఆయన పని చేస్తున్నంతసేపూ వైర్లతో గొణుగుతూనే ఉంటాడు. "నువ్విటు రావే తల్లీ, నువ్వటు పోవే" అని. ఉన్నట్టుండి ఆ గొణుగుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఆయన ఎడమ చెయ్యి బల్ల అంచుకి అతుక్కుపోయి ఉంది. దవడ బిగుసుకుపోయింది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

అలాంటప్పుడు మనిషిని ముట్టుకోకూడదు, ముందు కరెంటు తీసెయ్యాలి. మొదటి వారంలో మొదటి పాఠం అదే. మెయిన్ స్విచ్ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్ళి కిందికి లాగేశాను. ఆయన బల్ల వదిలేసి నేల మీద కూలబడ్డాడు. నీళ్ళు తాగించాను.

ఇంతవరకూ బాగానే ఉందా? పక్క గది కరెంటు కూడా ఆ మెయిన్ స్విచ్ మీదే ఉందట. అక్కడ నలభై మంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఇంకో పరీక్ష రాస్తున్నారు. అన్నీ ఆరిపోయాయి. రెండు పరీక్షలూ రద్దు. ఇదంతా నా వల్ల. పద్నాలుగు (బి) నిబంధన కింద నా నేరం "పరీక్ష సమయంలో అనుమతి లేకుండా మెయిన్ స్విచ్, అలారం, తాళం మొదలైనవి తాకడం." శిక్ష ఏడాది సస్పెన్షన్, ప్రవర్తన సర్టిఫికెట్లో నమోదు.

మీరు ఈ కాలేజీలన్నిటికీ హెడ్డాఫీసులో ఉన్నారు. ఏం చెయ్యాలో చెప్పండి. తిట్టేది ఉంటే చివర్లో తిట్టండి.

మీ
మరదలు


హెడ్డాఫీసు, నా సీటు
జులై 16

అమ్మాయ్,

ముందు ఆ డ్రైవరుగారు ఎలా ఉన్నారో రాయలేదు నువ్వు. చేతికి కాలిన మచ్చ ఉంటే డాక్టరు చేత రాయించి పెట్టమను.

ఇక నీ సంగతి. ఇరవై ఎనిమిదేళ్ళుగా నిబంధనల సెక్షన్లో కూర్చుని ఇలాంటి ఫైళ్ళు వందల్లో చూశాను. కోపంగా రాసిన సంజాయిషీ ఎంత నిజమైనా ఫైల్లోకి వచ్చేసరికి కోపంగానే కనిపిస్తుంది. ఏడు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. రెండు ప్రతులు రాయి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని నీ దగ్గర ఉంచుకో. ముద్ర లేని కాగితం మా లెక్కలో కాగితమే కాదు. "నేనేం తప్పు చేశానని" లాంటి మాటలు రాయకు. "గౌరవంగా మనవి చేసుకుంటున్నాను" అని మొదలుపెట్టు. నీకు ఇది మింగుడు పడదని తెలుసు. మింగు.

పదకొండో పేజీలో అంగీకారపత్రం అని ఒకటి ఉంటుంది. "తెలియక చేశాను, మళ్ళీ చేయను" అని దాని మీద సంతకం పెడితే విచారణ లేకుండా మందలింపుతో వదిలేస్తారు. పరీక్ష మళ్ళీ రాయనిస్తారు. నా మాట విని అది పెట్టెయ్. నలుగురి ముందు నిలబడి వాదించడం కన్నా అది నయం.

ఆస్పత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళు దుప్పట్లు మడతపెట్టినదానివి, నీకు ఓర్పు లేక కాదు. అక్కడ మోటారు బాగుచెయ్యడానికి వచ్చినవాడి వెనకాల నిలబడి చూసి చూసి ఈ చదువు కావాలన్నావు. చదువు మీద దృష్టి పెట్టు.

తిట్లు వచ్చే ఉత్తరంలో.

మీ వదిన


మా వంటగది, గ్యాసుబండ మీద పలక పెట్టుకుని
జులై 29

వదినా,

డ్రైవరుగారు బాగానే ఉన్నారు. అరచేతిలో నల్లటి గీత పడింది. డాక్టరు చీటీ తెచ్చి ఇస్తే క్రమశిక్షణ అధికారి దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి, "ఇది ఆయన ఆరోగ్యానికి సంబంధించింది, మీ కేసుకి కాదు" అని తిరిగి ఇచ్చేశాడు.

ఆ అధికారి సంగతి మీకు చెప్పాలి. చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని. మెత్తగా మాట్లాడతాడు, కుర్చీ లాగి కూర్చోబెడతాడు, మంచినీళ్ళు ఇప్పిస్తాడు, తర్వాత గోడతో మాట్లాడిస్తాడు. మీరు చెప్పినట్టే మొదలుపెట్టాను. గౌరవంగా మనవి చేసుకున్నాను.

"మీరు అనుమతి తీసుకోలేదు కదండీ" అన్నాడు.

"తీసుకునే టైము లేదండీ. మనిషి పోతాడు."

"ప్రమాదం గమనిస్తే ఏడో నంబరు ఫారం ఉంది. నింపి మాస్టారికి ఇవ్వాలి."

"మాస్టారు ఆ టైములో స్టోరులో ఉన్నారు."

"స్టోరులో ఉన్నా ఇవ్వచ్చండీ."

నేను కాసేపు ఆయన మొహంలోకి చూశాను, వేళాకోళం ఆడుతున్నాడేమోనని. లేదు. నిజంగానే అంటున్నాడు. ఫారం నింపుతుండగా డ్రైవరుగారు నా పక్కన అలా బల్లకి అంటుకుని నిలబడి ఉండాలన్నమాట. పేరు, తండ్రి పేరు, రోల్ నంబరు, ప్రమాద స్వభావం.

ఇంకోటి వినండి. డ్రైవరుగారు వాంగ్మూలం ఇచ్చాడు. "నాకు షాక్ కొట్టింది, ఆవిడ లేకపోతే నేను లేను" అని. దాన్ని గుమాస్తా శుభ్రంగా టైపు చేశాడు. "సంఘటన సమయంలో విద్యార్థి షాక్‌కు గురయ్యాడు." దాని కింద వర్క్‌షాప్ మాస్టారు రాసిన మాట: "దీపాలు హఠాత్తుగా ఆరిపోవడంతో విద్యార్థులు షాక్‌కు గురైన మాట వాస్తవం." చదివి నాకు నవ్వు వచ్చింది. బయటికొచ్చాక ఏడుపొచ్చింది. ఆ బల్లకి ఎర్త్ వైరు ఊడిపోయి ఉందని ఒప్పుకుంటే మాస్టారి మెడకి చుట్టుకుంటుంది. అందుకని ఆయన ఆ రోజు నుంచి నా మొహం చూడడం మానేశాడు.

అంగీకారపత్రం మీద సంతకం పెట్టను, వదినా. నేనేదో మొండిపట్టు పట్టాననుకోకండి. వెళ్ళి కనుక్కున్నాను. ఎలక్ట్రీషియన్ లైసెన్సుకి మచ్చలేని ప్రవర్తన సర్టిఫికెట్ కావాలి. మందలింపు కూడా మచ్చేనట. సంతకం పెడితే పరీక్ష రాయచ్చు, పాసవ్వచ్చు, ఇంట్లో సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవచ్చు. పని మాత్రం చెయ్యకూడదు. మీకిది తెలియదా? తెలిసే చెప్పారా?

ఈ పద్నాలుగు (బి) రాసిన మహానుభావుడెవరో కనుక్కోండి. ఆయన జన్మలో ఒక్కసారైనా స్విచ్ ముట్టుకున్నాడో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది.

మీ మరదలు


హెడ్డాఫీసు
ఆగస్టు 5

అమ్మాయ్,

నిబంధన ఎవరు రాశారన్నది నీకు అనవసరం. కమిటీ రాసింది. కమిటీ అంటే కమిటీయే, దానికి మొహం ఉండదు.

లైసెన్సు విషయం నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అయినా అంటున్నాను, సంతకం పెట్టు. మందలింపు మచ్చని మూడేళ్ళ తర్వాత తీసెయ్యమని అర్జీ పెట్టుకోవచ్చు. నేను దగ్గరుండి చూసుకుంటాను. విచారణకి వెళ్తే ఏడాది సస్పెన్షన్ ఖాయం, ఎందుకంటే ఆ నిబంధనలో వెసులుబాటు లేదు. లేనిదాన్ని ఎవరూ చదవలేరు. మా తమ్ముడు ఫోన్లో మాట్లాడితే గొంతు నీరసంగా ఉంది. వాడి కోసమైనా సంతకం పెట్టి గొడవ వదిలించుకో.

ఆడిట్ పనిలో ఉన్నాను. ఎక్కువ రాయలేకపోతున్నాను.

వదిన


కాలేజీ మెట్లు, మూసిన వర్క్‌షాపు ఎదురుగా
సెప్టెంబరు 9

వదినా,

మీ తమ్ముడి గొంతు నీరసం నా వల్ల కాదు, పడిశం వల్ల. తగ్గింది.

విచారణ రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి అధ్యక్షుడు రాలేదు. రెండోసారి అధ్యక్షుడు వచ్చాడు, ఫైలు రాలేదు. విచారణ తేలేదాకా నన్ను వర్క్‌షాపులోకి రానివ్వరు. అది శిక్ష కాదట, "తాత్కాలిక ఏర్పాటు" అట. రెండు నెలలుగా రోజూ వచ్చి, హాజరు వేయించుకుని, ఈ మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుతున్నాను. హాజరు తగ్గితే అది ఇంకో నిబంధన. లోపల వాళ్ళు మోటారు వైండింగ్ నేర్చుకుంటున్నారు. డ్రైవరుగారు మధ్యాహ్నం టీకి బయటికొచ్చి ఆ రోజు చెప్పిన పాఠమంతా నాకు అప్పజెబుతాడు. తప్పులు చెబుతున్నాడని నాకు తెలిసిపోతూ ఉంటుంది. ఆయన మొహం చూసి ఊరుకుంటాను. తనవల్లే నాకిదంతా అని ఆయన కుమిలిపోతున్నాడు. నిన్న "ఆ రోజు నన్ను వదిలేసి ఉంటే పోయేదమ్మా" అన్నాడు. నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఇద్దరం టీ తాగాం.

ఇంట్లో మీ మేనకోడలు నన్ను "సస్పెండైన స్టూడెంటు" అని పిలుస్తోంది. మీ తమ్ముడు మొదట్లో "సంతకమే కదా" అన్నాడు. ఇప్పుడు అనడం లేదు. మొన్న తనంతట తనే కాలేజీకి వచ్చి, అధికారి గదిలో గంట కూర్చుని, తిరిగొచ్చి, "నువ్వు పెట్టకు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ గంటలో లోపల ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేదు. నీళ్ళు మాత్రం ఇచ్చి ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. చదవడానికి వేరే ఏం లేక నియమావళి మొత్తం చదివాను. ముప్ఫై రెండు పేజీలు. మీకు నచ్చదు కానీ చెబుతున్నాను, పుస్తకం బాగా రాశారు. ప్రతి వాక్యం కుదురుగా ఉంది, ఒక్క అచ్చుతప్పు లేదు. పద్నాలుగు (బి) తప్ప. అది ఇలా ముగుస్తుంది: "మెయిన్ స్విచ్, అలారం, తాళం మొదలైనవి విద్యార్థులు తాకరాదు," అక్కడ చుక్క లేదు, వదినా. కామా ఉంది. కామా తర్వాత ఏమీ లేదు. చెబుతున్న మనిషి మాట మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టుంది.

అధికారికి చూపించాను. "అచ్చుతప్పు" అన్నాడు. ఇంత శుభ్రమైన పుస్తకంలో ఒకే ఒక్క అచ్చుతప్పు, అదీ నా మెడ మీదే.

మీరు ఆ సెక్షన్లోనే ఉన్నారు. ఆ కామా తర్వాత ఏముందో చూసి చెప్పండి. విచారణ ఇరవై ఆరున.

మీ మరదలు


హెడ్డాఫీసు, రికార్డు గది
సెప్టెంబరు 15

అమ్మాయ్,

చూడక్కర్లేదు. నాకు తెలుసు.

"తాకరాదు, ప్రాణాపాయం ఉన్న సందర్భంలో తప్ప." అదీ వాక్యం. పదకొండేళ్ళ క్రితం కమిటీ ఆమోదించింది అదే. ఆ కమిటీకి చిత్తుప్రతి రాసి ఇచ్చింది నేను. ఆమోదించాక ఫైలు అచ్చుకి తయారుచేసిందీ నేనే. ఆ నాలుగు మాటలూ కొట్టేసింది కూడా నేనే.

అచ్చాఫీసువాడు ముప్ఫై రెండు పేజీల్లో సరిపెట్టమన్నాడు. ఒక్క పంక్తి ముప్ఫై మూడో పేజీలోకి జారింది. ఛైర్మన్‌గారు పుస్తకం సన్నగా ఉండాలన్నారు. మర్నాడు పొద్దున్నే అచ్చుకి పోవాలి. ఎక్కడో ఒక పంక్తి తగ్గించాలి. అది తగ్గించాను. ఎవరినీ అడగలేదు. పుస్తకం వచ్చాక ఎవరూ పోల్చి చూడలేదు. కామా మాత్రం నా చేతిలోంచి జారిపోయింది. పదకొండేళ్ళుగా ఆ కామా నాకు కనబడుతూనే ఉంది.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే తెలుసు నాకు. ఆమోదించిన ప్రతి, సభ్యుల సంతకాలతో సహా, ఈ గదిలో మూడో బీరువాలో ఉంది. అది బయటికి తీస్తే నీ కేసు నిలవదు. తీస్తే, ఆమోదం పొందిన నిబంధనని మార్చినది ఎవరన్న ప్రశ్న వస్తుంది. నాకు మార్చిలో సూపరింటెండెంటు పోస్టు రావాలి. రిటైరవ్వడానికి రెండేళ్ళుంది. అందుకే నిన్ను సంతకం పెట్టమన్నాను.

ఈ రోజు తీశాను. నకలు మీద ముద్ర వేయించి, నేను చేసింది ఒక పేజీలో రాసి, మీ కాలేజీ విచారణ అధ్యక్షుడికి రిజిస్టర్ పోస్టులో పంపాను. మా డైరెక్టరుగారి బల్ల మీద కూడా ఒకటి పెట్టాను. నీకు ఒక నకలు ఇందులో ఉంది. విచారణ రోజున అది చేతిలో పట్టుకుని వెళ్ళు. వాళ్ళది ఫైల్లో కనబడకపోవచ్చు.

నువ్వేం రాస్తావో ఊహించుకోగలను. రాయి.

వదిన


మా ఇల్లు
సెప్టెంబరు 30

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

విచారణ ముగిసింది. మీరు పంపిన రిజిస్టర్ ఉత్తరం ఫైల్లోనే ఉంది. కాబట్టి మీ ఊహ తప్పింది.

పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు, ఇటువైపు నేను. అధ్యక్షుడు మీ పేజీ పైకి చదివాడు. తర్వాత నకలు తీసి పద్నాలుగు (బి) మూడుసార్లు చదివాడు. మూడోసారి "తప్ప" దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది పుస్తకంలో ఉంటే మనం ఇక్కడ కూర్చునేవాళ్ళమే కాదు" అన్నాడు. క్రమశిక్షణ అధికారి మొహం చూస్తే జాలేసింది. పాపం, ఉన్నది ఉన్నట్టు చదివాడు ఆయన.

అప్పుడు గోడ పక్కన కూర్చున్న వర్క్‌షాప్ మాస్టారు లేచాడు. ఎవరూ లేవమనలేదు.

"ఆ బల్లకి ఎర్త్ లేదండీ" అన్నాడు. "లీకేజీ ఉంటే దానంతటదే కరెంటు కట్ చేసే స్విచ్ వర్క్‌షాపుకి కావాలని మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. ఆ రోజు బల్లలు సరిచూడకుండా పరీక్ష పెట్టింది నేనే. ఆవిడ చేసింది నేను నేర్పిందే."

ఇది చెప్పి కూర్చున్నాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి నా వంక చూశాడు.

నా మీద అభియోగం ఎత్తేశారు. మచ్చ లేదు. వర్క్‌షాపులో అన్ని బల్లలూ సరిచేసేదాకా పరీక్షలు ఆపారు. అయినా ఆఖర్న అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "వీలైతే తర్వాతైనా ఏడో నంబరు ఫారం నింపి ఉండాల్సింది" అన్నాడు. నింపాను. అక్కడే, వాళ్ళ ఎదుట. "ప్రమాద స్వభావం" దగ్గర ఒకటే మాట రాశాను, "ప్రాణాపాయం" అని, పెన్ను కాగితంలోకి దిగబడేలా. ముద్ర వేయించుకుని ఒక ప్రతి తెచ్చుకున్నాను. మీరు నేర్పిందే.

ఇప్పుడు మీ గురించి. రెండు ఉత్తరాల్లో మూడుసార్లు నన్ను సంతకం పెట్టమన్నారు. ఒకసారి నా మంచికి, ఒకసారి లైసెన్సు సంగతి తెలిశాక కూడా, ఒకసారి మీ తమ్ముడి పడిశం అడ్డం పెట్టుకుని. రెండు నెలలు నేను మెట్ల మీద కూర్చున్నాను. మీ బీరువా మీ కుర్చీకి ఎంత దూరం? నాలుగడుగులుంటుందా?

ఒక్కటి అడుగుతాను. నేను సంతకం పెట్టి ఉంటే మీరు ఆ కాగితం తీసేవారా?

మీ తమ్ముడు మీ ఉత్తరం చదివాడు. అక్క అలా చేస్తుందా అని అడిగాడు నన్ను. మీ తమ్ముడు కదా, మీరే చెప్పండి.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య


హెడ్డాఫీసు, టపా సెక్షను
నవంబరు 4

అమ్మాయ్,

తీసేదాన్ని కాదు.

ఇది రాయడానికి నాకు ఐదు వారాలు పట్టింది. వేరే జవాబు ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. నువ్వు సంతకం పెట్టి ఉంటే నేను ఆ బీరువా తాళం అలాగే ఉంచి, నీకు పండో ఫలమో పట్టుకుని వచ్చి, మంచిపని చేశావని చెప్పేదాన్ని. తమ్ముడికి ఈ ఉత్తరం చూపించు.

నా మీద విచారణ అయిపోయింది. నా దగ్గరికి నోటీసు వచ్చిన రోజున తెలిసింది, మనం రాసే భాష అవతలివైపు నుంచి ఎలా ఉంటుందో. "మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో తెలియజేయగలరు." ఈ వాక్యం నేను కొన్ని వందలసార్లు టైపు చేసి ఉంటాను. అందులో ఎంత మర్యాద ఉందో అనుకునేదాన్ని.

డైరెక్టరుగారు అడిగారు, "ఒక్క పంక్తి తగ్గించాలంటే ఎక్కడైనా తగ్గించవచ్చు కదా, అదే ఎందుకు?" అని. నీకు రాసినట్టే, పేజీ జారింది, టైము లేదు అని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నీకు రాసింది నిజమే కానీ అది సగం.

ఆ ఏడాది ఒక కాలేజీలో పరీక్ష తప్పించుకోవడానికి పిల్లలు ఫైర్ అలారం మూడుసార్లు నొక్కారు. ప్రతిసారీ అందర్నీ బయటికి పంపడం, పరీక్ష మళ్ళీ పెట్టడం, ఆ కాగితాలన్నీ నా బల్ల మీదికి రావడం. విసిగిపోయి ఉన్నాను. చిత్తుప్రతి ముందు పెట్టుకుని చూస్తే ఆ నాలుగు మాటలు నాకు పిల్లలకి ఇచ్చిన దొంగతాళంలా కనిపించాయి. ఇది ఉంటే ప్రతివాడూ ప్రాణాపాయం అంటాడు అనుకున్నాను. పంక్తి తగ్గించాల్సి వచ్చినప్పుడు చెయ్యి దానంతటది అక్కడికే వెళ్ళింది. వాళ్ళు చెప్పేది నేను నమ్మదలుచుకోలేదు. అదే నిజం. ఇదే చెప్పాను. డైరెక్టరుగారు రాసుకున్నారు.

సూపరింటెండెంటు పోస్టు పోయింది. సర్వీసు పుస్తకంలో అభిశంసన రాశారు. నిబంధనల సెక్షన్ నుంచి తీసి టపాలో వేశారు. వచ్చే కవర్లు చింపి, ముద్ర వేసి, నంబరు వేసి, సెక్షన్లకి పంచుతాను. కొత్త ముద్రణలో ఆ నాలుగు మాటలూ చేరుస్తున్నారు. దానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు. "తప్ప" ముందు రావాలా చివర రావాలా అని మూడు సమావేశాలయ్యాయి. నాకు నోరు విప్పే హక్కు లేదు. పక్క గదిలోంచి వింటూ పళ్ళు కొరుక్కుంటున్నాను.

ఇంకోటి ఉంది. సెక్షన్ వదిలే ముందు పాత ఫైళ్ళు చూశాను. పదకొండేళ్ళలో అన్ని కాలేజీల్లో కలిపి ఆ నిబంధన కింద శిక్ష పడింది నలుగురికి. ముగ్గురివి ఆకతాయి పనులే. నాలుగో అతను పరీక్ష హాలు తలుపు గడియ విరగ్గొట్టాడు. బయట నుంచి గడియ పెట్టి ఉంది, లోపల తోటి విద్యార్థిని ఊపిరాడక పడిపోయింది. ఆమెని బయటికి తెచ్చాడు. ఏడాది సస్పెన్షన్. అప్పీలు చేసుకుంటే "నిబంధనలో వెసులుబాటు లేదు" అని జవాబు వెళ్ళింది. కింద గుమాస్తా పొడి సంతకం నాదే.

అతని చిరునామా వెతికి ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. రికార్డు సరిచేయించే అర్జీ కూడా నింపి పంపాను, సంతకం పెడితే చాలునని. పది రోజులకి జవాబు వచ్చింది. రెండు పంక్తులు. "నేను ఆ చదువు వదిలేశాను. నాకు మీ అర్జీ అవసరం లేదు, కానీ ఆ అమ్మాయి బతికే ఉంది, ఆమెకి ఈ సంగతి చెప్పాను." అర్జీ ఖాళీగా తిప్పి పంపాడు.

అది నా సొరుగులో ఉంది. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

నువ్వు జవాబు రాయకపోయినా ఏమనుకోను.

వదిన


మా ఇల్లు, ముందు గది
నవంబరు 20

వదినా,

ఉత్తరం అందింది. మీ తమ్ముడికి చూపించాను. చదివి మడతపెట్టి, చాలాసేపు చెప్పులు తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత "నిజం చెప్పింది" అన్నాడు. మెచ్చుకోవడమో బాధపడడమో నాకు అర్థం కాలేదు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే, మీ ఇంట్లో అందరూ అంతే.

నాకింకా కోపం పోలేదు. పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటుంటే ఉన్నట్టుండి గుర్తొచ్చి మీ మీద మండిపోతుంటాను. సాయంత్రానికి తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ మొదలు. ఇది ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. పోయిందని అబద్ధం చెప్పను.

పరీక్ష మళ్ళీ పెట్టారు, పాసయ్యాను. డ్రైవరుగారు కూడా. ఆయన దీపం నాకన్నా ముందు వెలిగింది. పోయిన వారం లైసెన్సు చేతికొచ్చింది. మంగళవారం మొదటి పనికి వెళ్ళాను. ఒక దర్జీ దుకాణం, కుట్టుమిషన్ ముట్టుకుంటే జిల్లుమంటోందట. సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే దర్జీ నా వెనకాల చూశాడు, మగమనిషి ఎవరైనా వెనక వస్తున్నాడేమోనని. "మీరేనా?" అన్నాడు. నేనే అన్నాను. రెండు గంటలు పట్టింది. గోడలో ఎర్త్ వైరు ఎలక కొరికేసింది. పని అయ్యాక ఆయన మిషన్ మీద వేలు పెట్టడానికి భయపడి తన భార్యని పిలిచాడు. ఆవిడ ఆయన వంక ఒక చూపు చూసి అరచెయ్యి మొత్తం ఆనించింది. ఏమీ లేదు అంది. ఇంటికొచ్చేదాకా నా మొహం మీద నవ్వు పోలేదు.

ఆ తలుపు విరగ్గొట్టిన అతని సంగతి రోజూ ఆలోచిస్తున్నాను. అతనికి మెట్ల మీద కూర్చుని పాఠం అప్పజెప్పే డ్రైవరుగారు లేరు. హెడ్డాఫీసులో వదినా లేదు. అతను అర్జీ వద్దన్నాడు, కానీ రికార్డు అతనొక్కడిదే కాదు కదా. ఆ కాలేజీది, ఆ నిబంధనది, మీది కూడా. అతని సంతకం లేకుండా మీరే హెడ్డాఫీసు తరఫున సరిచేయించడానికి దారి ఉండే ఉంటుంది. లేదని మాత్రం నాకు రాయకండి. లేనిదాన్ని ఎవరూ చదవలేరన్నారు మీరు. మరి ఉన్నదాన్ని పదకొండేళ్ళు ఎవరు చదివారు? కూర్చుని వెతుకుదాం. ఆ ముప్ఫై రెండు పేజీలూ నాకు కంఠతా వచ్చు, మిగతా ఫైళ్ళు మీకొచ్చు. ఇద్దరం కలిస్తే ఏదో ఒక ఫారం నంబరు దొరక్కపోదు.

కానీ ఇది ఉత్తరాలతో అయ్యే పని కాదు. ఉత్తరంలో మీరు మర్యాదగా రాస్తారు, నేను పళ్ళు బిగించి రాస్తాను, ఇద్దరం సగం దాచుకుంటాం. శనివారం ఆఫీసు అవగానే బస్సెక్కి వచ్చెయ్యండి. గుమ్మంలో నాలుగు తిట్లు తిడతాను, పడండి. ఆ తర్వాత అన్నం పెడతాను.

ఆ ఖాళీ అర్జీ తెచ్చుకోండి.

మీ
మరదలు